డెమోలో మా అమ్మ

నాకు కోపం తొందరగా వస్తుంది, తొందరగా పోతుంది. ఇదొక్కటే పోలేదు.

మా అమ్మ చిక్కడపల్లిలో, మా ఇంటి ముందు గదిలో కర్రీ పాయింట్ నడుపుతుంది. అశోక్ నగర్‌లో రూములు తీసుకుని గవర్నమెంటు ఉద్యోగాలకు చదివే పిల్లల వల్లే సగం బేరం. అన్నం కుక్కర్లో వాళ్ళే వండుకుంటారు, కూర మా దగ్గర కొనుక్కుంటారు. నా స్నేహితురాలూ మొదట అలా వచ్చినదే. ఇద్దరం ఒకే కోచింగ్‌లో గ్రూప్స్‌కి చదివాం, ఒకేసారి విసిగిపోయాం, కలిసే నారాయణగూడలో డేటా అనాలిసిస్ కోర్సులో చేరాం. అప్పటికి తను కూర కొనుక్కోవడం మానేసి మా ఇంట్లోనే కంచం ముందు కూర్చునేది. అమ్మను ఆంటీ అని పిలిచేది.

కోర్సు అయ్యాక ఆ ఇన్‌స్టిట్యూట్‌లోనే ట్రైనర్ ఉద్యోగం ఖాళీ పడింది. ఉన్నది ఒక్కటే. ఇద్దరినీ డెమో క్లాసు చెప్పమన్నారు. పాఠం ఇద్దరికీ ఒకటే: అడ్డు వరుసల్లో ఉన్న డేటాను నిలువు వరుసల్లోకి తిప్పడం. ఏళ్ళ తరబడి చదివి ఏ ఉద్యోగమూ తగలని నాకు అది ఎంత అవసరమో తనకు తెలుసు.

"నాకు గది సమజ్ అయితలేదే, జర చెప్పవా" అంది ఒకరోజు. వంటింటి గట్టు మీద లాప్‌టాప్ పెట్టి చెప్పాను. ఉదాహరణ అమ్మ కూరలే. ఏ కూర ఎన్ని ప్యాకెట్లు పోయిందో అమ్మ చెబుతుంటే షీట్‌లో ఎక్కించడం నా అలవాటు. తేదీ, కూర పేరు, ప్యాకెట్లు. ఒక్కో కూరకు ఒక్కో వరుస చొప్పున అది కిందికి చాంతాడంత పోతుంది. దొండకాయ మొన్నెలా పోయిందో నిన్నెలా పోయిందో చూడాలంటే వెతుక్కుంటూ దిగాలి. అదే తిప్పితే రోజుకు ఒక్క వరుస. కూరల పేర్లు హెడ్డింగులుగా పైకెక్కుతాయి, ప్యాకెట్ల లెక్క వాటి కింద గడుల్లో కూర్చుంటుంది. పైకెక్కాల్సినదేదో, గడుల్లోకి దిగాల్సినదేదో టూల్‌కి చెబితే చాలు.

ఇంతవరకూ ఎవరైనా చెబుతారు. నాది అనుకున్నది ఆ తర్వాతది. తిప్పాక కొన్ని గడుల్లో సున్నా ఉంటుంది, కొన్ని ఖాళీగా ఉంటాయి. కాకరకాయ కింద సున్నా అంటే అమ్మ వండింది, ఎవరూ కొనలేదు, మేమే తిన్నాం. ఖాళీ అంటే అసలు వండనే లేదు. ఒకచోట దొండకాయ కింద, బెండకాయ కింద వరసగా ఖాళీలున్నాయి. ఆ వారం అమ్మకు జ్వరం, పప్పొక్కటే పెట్టింది. ఆ ఖాళీలను సున్నాలతో నింపేస్తే అమ్మ కూర ఎవరికీ నచ్చలేదని అబద్ధం చెప్పినట్టు. ప్రాక్టీసుకని అడిగితే షీటు పంపాను. ఈ మాటతోనే నా డెమో ముగిస్తానని కూడా తనతో చెప్పాను. నోరు ఊరుకోదు కదా.

డెమో రోజు తనను ముందు పిలిచారు. నేను స్టూడెంటులా బెంచీలో కూర్చోవాలి. ఇన్‌స్టిట్యూట్ పెద్దాయన నా పక్క బెంచీలో ఉన్నాడు. తెర మీద దొండకాయ, కాకరకాయ, పప్పు వచ్చాయి. నా షీటే. సరే, షీటు పోతే పోయిందనుకున్నాను.

"మా అమ్మ కర్రీ పాయింట్ నడుపుతది సర్" అంది.

నాకు కాసేపు అర్థం కాలేదు. వాళ్ళమ్మ ఊళ్ళో అంగన్‌వాడీ టీచరు. తను ఆగలేదు. "ఈ ఖాళీలు సున్నాలు కావు సర్. ఆ వారం మా అమ్మకు జరమొచ్చింది" అంటూ గొంతు కూడా తగ్గించింది. అశోక్ నగర్‌లో చదివినవాళ్ళకు బట్టీ పట్టడం వెన్నతో పెట్టిన విద్యే, కానీ జ్వరాన్ని కూడా బట్టీ పడతారని నాకు తెలియదు. పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటారు. ఈవిడ వాసాల జోలికి పోలేదు, ఇంటావిడనే పట్టుకుపోయింది.

నా వంతు వచ్చింది. నా దగ్గరున్నదీ ఆ షీటే. ఇది మా అమ్మ అంటే దొంగను నేనే అవుతాను. "ఒక కర్రీ పాయింట్ ఉందనుకోండి" అని మొదలుపెట్టాను. పెద్దాయన మర్యాదగానే ఆపాడు.

"ఇది ఇప్పుడే చూసినం గదమ్మా. వేరేది ఏమన్న ఉన్నదా?"

లేదు.

మెట్ల దగ్గర తను నా చెయ్యి పట్టుకుంది. "ఏమనుకోకే. ఆంటీ నాకు అమ్మ లెక్కనే గదా."

"లోపల ఆంటీ అనే అన్నావా?" అన్నాను. ఉద్యోగం తనకే ఇచ్చారు.

ఇంటికొచ్చేసరికి అమ్మ సాంబారు ప్యాకెట్లకు రబ్బరు బ్యాండ్లు వేస్తోంది. అంతా చెప్పాను, తిట్టి మరీ చెప్పాను. అమ్మ కూడా నాలుగు తిడుతుందనుకున్నాను. అమ్మ ముఖం విప్పారింది.

"అందరి ముందూ నన్ను అమ్మ అందా? జ్వరం సంగతి కూడా చెప్పిందా, పిచ్చిపిల్ల."

నాకు ఒళ్ళు మండిపోయింది. తను చేసిన ద్రోహం ఒక ఎత్తు, ఇంట్లో ఈ మురిపెం ఇంకో ఎత్తు.

"మరి నువ్వేం చెప్పావే నా గురించి?"

"ఒక కర్రీ పాయింట్ ఉందనుకోండి, అన్నాను."

అమ్మ చేతిలో ప్యాకెట్ అలాగే ఆగింది.

"అనుకోవడమేంటే" అంది. "ఉంటేనూ."