కొత్త డైరెక్టరీలో అక్క పేరు

చనిపోయినవాళ్లు ఏదో రూపంలో తిరిగి వస్తారంటే నేనెప్పుడూ నమ్మలేదు. అక్క పోయాక నమ్మాలనిపించింది. అయినా నమ్మలేకపోయాను.

నల్లగొండలో ఒక ప్రైవేటు కాలేజీలో అక్క ఈమెయిల్ సర్వర్ చూసేది. నేను ఆమె కింద పనిచేసేవాణ్ణి. ఆమె పోయిన తొమ్మిదో రోజున ప్రిన్సిపాల్ పిలిపించారు. సిబ్బంది పేర్లుండే డైరెక్టరీ సర్వర్ మారింది, మెయిల్‌ను దానికి కలపాలన్నారు. ఆ పని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆదేశాలు టైపు చేసే కమాండ్ లైన్‌లో పాత డైరెక్టరీ చిరునామా తీసేసి కొత్తది ఇచ్చాను. సెట్టింగులు మళ్లీ చూసుకున్నాను. కొత్తది ఒక్కటే ఉంది. అప్పుడు ఉదయం పదిన్నర. కొత్త డైరెక్టరీలో పేరు లేనివాళ్ల మెయిల్‌బాక్సులు పదకొండుకు వాటంతటవే చెరిగిపోతాయి. మళ్లీ రావు. కొత్త జాబితాలో అక్క పేరు లేదని తెలిసి కూడా, ఆమె మెయిల్‌బాక్సు పోతుందని ఆ క్షణాన నాకు తోచలేదు. టీ తాగడానికి వెళ్లాను.

పదకొండు దాటాక అమ్మ ఫోన్ చేసింది.

"అక్క దవాఖానల పండి బిడ్డకు రాసిన ఉత్తరాలు తీసి పెట్టినవా కొడకా?"

నా మేనకోడలికి నాలుగేళ్లు. పెద్దయ్యాక చదవాలని రాసిన ఉత్తరాలవి. అక్క మెయిల్‌బాక్సులో తప్ప ఎక్కడా లేవు. ఫోన్ పెట్టేసి సర్వర్ గదికి పరుగెత్తాను.

ఎనిమిది మెయిల్‌బాక్సులు చెరిగాయి. అన్నీ ఉద్యోగం మానేసినవాళ్లవి. అక్కది అలాగే ఉంది. కొత్త డైరెక్టరీలో ఆమె పేరు వెతికాను. పేరు, విభాగం, గది నంబరు వచ్చాయి. రెండోసారి వెతికినా అవే.

జాబితా ఎక్కించిన గుమాస్తా యాదయ్య దగ్గరికి వెళ్లాను.

"అక్క పేరు ఎక్కించిన్రా సార్?"

"నేనెందుకు ఎక్కిస్త? నీ ముంగటనే కొట్టేసిన గద. దినాలు గాకముందే కొట్టెయ్యొద్దు సారూ అంటే, రిజిస్టర్‌కు గూడ మైల ఉంటదా యాదయ్యా అని నవ్విండు ప్రిన్సిపాల్ సారు."

ఇరవై మూడు ఉత్తరాలు. అన్నీ ఆ పూటే అచ్చు తీసి అమ్మకిచ్చాను.

పదకొండో రోజు కర్మ అయింది. మర్నాడు వెళ్లి చూస్తే డైరెక్టరీలో అలాంటి పేరు లేదని వచ్చింది. మెయిల్‌బాక్సూ లేదు. సర్వర్‌లో జరిగిన ప్రతి మార్పూ నమోదయ్యే లాగ్ మొత్తం చదివాను. ఆ పేరు ఎవరో చేర్చినట్టు లేదు, తీసినట్టూ లేదు. పాత సర్వర్ నుంచి వచ్చిందేమో అనుకుంటే, తొమ్మిదో రోజు పొద్దున్నే దాని వైర్లు పీకి స్టోర్‌లో పెట్టేశారు.

పని తెలిసినవాళ్లను చాలామందిని అడిగాను. ఎవరి కారణమూ నిలవలేదు. ఇప్పుడు కాలేజీలో ఎవరైనా పోతే, వాళ్ల పేరు తీయమని ఎంత తొందరపెట్టినా పన్నెండు రోజులు ఆపుతాను.