బీరువా తాళంలో మంచు

దయ్యాలంటే నాకు మొదట్నుంచీ నవ్వే. కువైట్‌లో మనుషులే సరిపడా భయపెడుతుంటే, ఇక వాటికి పనేముంటుంది? ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం చెబుతాను.

మాది రాయచోటి దగ్గర పల్లె. కువైట్‌లో మిష్రిఫ్ అనే పేటలో ఒక భూగర్భశాస్త్ర ప్రొఫెసరు ఇంట్లో డ్రైవరుగా చేశాను. ఆయనే నా కఫీల్, అంటే నా వీసాకు పూచీ ఉన్న యజమాని. ఇరాక్ సైన్యం రావడానికి రెండు నెలల ముందు ఆయన హిమానీనదాల సదస్సుకు స్విట్జర్లాండ్ వెళ్తూ, పెట్టెలు మోయడానికి నన్నూ తీసుకెళ్లాడు. నా మెడలోనూ పేరు రాసిన బిళ్ల ఒకటి వేశారు. శాస్త్రవేత్తల వరసలో కూర్చుని రెండు రోజులు శాస్త్రీయంగా కునికాను.

మూడో రోజు కొండమీదికి తీసుకెళ్లారు. తెల్లగా మెరుస్తుందనుకున్న మంచు, బూడిదా మట్టీ కలిసి మా ఊరి కంకర రోడ్డులా ఉంది. పగులులోకి తొంగిచూస్తే మాత్రం లోపలంతా నీలం. తడిరాతి వాసన. ఉండుండి టప్‌మని చప్పుడు. ఒక ముసలి దొరసాని నిలువునా చీలిన బండ చూపించి, సందులో నీరు గడ్డకట్టి ఉబ్బితే రాయైనా ఆగదని చేతులతో చేసి చూపింది. మా ప్రొఫెసరేమో, ఈ మంచులో వేల ఏళ్ల నాటి గాలి బందీగా ఉందంటూ కళ్లు తుడుచుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

తిరిగొచ్చాక విమానాశ్రయంలోనే నా పాస్‌పోర్టు తీసుకుని, ఇంట్లో ఇనప బీరువాలో పెట్టి తాళంకప్ప వేశాడు. ఆయన్ని బాబా అని పిలుస్తూ వంటచేసే నాగమ్మక్కదీ అందులోనే. ఈ బందీల కోసం ఎవరూ కళ్లు తుడుచుకోలేదు. జూలైలో తాళంచెవి జేబులో వేసుకుని కుటుంబంతో మళ్లీ చల్లటి దేశం వెళ్లిపోయాడు.

ఆగస్టులో ఇరాక్ సైన్యం దిగింది. దేశమే పోయింది, ఆ తాళం మాత్రం చెక్కుచెదరలేదు. కొన్నాళ్లకు మనవాళ్లు జోర్డాన్‌కు బస్సు మాట్లాడారు. పాస్‌పోర్టు లేనివాణ్ణి సరిహద్దులో దింపేస్తారన్నారు. బస్సు సాయంత్రం నాలుగింటికి. మధ్యాహ్నం నేను ఇనపరాడ్ తీస్తే అక్క అడ్డంపడింది.

"వద్దు అబ్బీ! బాబా వచ్చి దొంగతనం కేసు పెడ్తాడు."

"యాడ పెడ్తాడక్కా? పోలీసులే పారిపోయిరి!"

గంటసేపు బాదాను. రాడ్ వంగింది, తాళం వంగలేదు. హాల్లో కూలబడి కఫీల్‌ను తెలుగులో, హిందీలో, అరబ్బీలో తిట్టాను. మూడూ చాల్లేదు.

అప్పుడు గదిలోంచి టప్‌మని వినపడింది. కొండమీద విన్న చప్పుడే.

వెళ్లి చూస్తే తాళంకప్ప నిలువునా రెండుగా చీలి కింద పడి ఉంది. మధ్యలో బొటనవేలంత నీలి మంచుగడ్డ. మా వీధిలో కరెంటు పోయి రెండు రోజులైంది. ఫ్రిజ్‌లో టమాటాలు కుళ్లుతున్నాయి. గది పొయ్యిలా ఉంది. గడ్డను ముట్టుకుంటే వేలు అంటుకుపోయింది. అక్క కూడా ముట్టుకుంది. తడిరాతి వాసన.

"ఏందిరా ఇది?"

"మంచుగడ్డక్కా. ఈ దేశంలో ఉండేదానికి దానికి ఇఖామా కాయితం లేదు, ఎవురికీ చెప్పగాకు. యల్లా, బస్సు పోతాది."

పాస్‌పోర్టులు తీసుకుని పరుగెత్తాం. బస్సు దొరికింది. సరిహద్దులో మమ్మల్ని ఎవరూ దింపలేదు.

యుద్ధం ముగిశాక కఫీల్ దగ్గర్నుంచి ఊరికి ఉత్తరం వచ్చింది. బతికున్నారా అని అడుగుతాడేమోనని విప్పాను. ఒకే ప్రశ్న: బీరువా తాళం ఎవరు పగలగొట్టారు?

ఒళ్లు మండింది. అయినా అబద్ధం రాయలేదు. "మంచు" అని ఒక్క మాట రాసి పంపాను. ఆయన శాస్త్రవేత్త, ఎలాగో ఆయనే తేల్చుకోవాలి. నాకైతే ఇప్పటికీ తేలలేదు.