కాటా ఎక్కిన పరీక్షాధికారి

ఆ రోజుల్లో, తూకానికి లొంగనిది లోకంలో ఏదీ లేదని నా గట్టి నమ్మకం. పదో తరగతి తప్పినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. (కొంచెం పొగరుండేది, ఒప్పుకుంటాను.) ఎనభైల్లో ఓ ఏడు పత్తికి పురుగు పట్టి, రొంపిచెర్ల పక్క బీడులో మందు చల్లే చిన్న విమానం దిగింది. అందులోకి ఎక్కే ప్రతిదాన్నీ పత్తి కాటా మీద తూచి రాసే పని నాకిచ్చారు. బరువు మించితే విమానం బీడు చివరి తుమ్మచెట్లు దాటదు మరి.

విమానం నడిపే ఆయన్ని ఊరంతా గాలిమామ అని పిలిచేది. ఆయన పనితనానికి ఏటేటా పరీక్ష ఉంటుంది. ఈసారి పరీక్షాధికారి మా బీడుకే వచ్చాడు. మామ తప్పాడంటే విమానం వెళ్ళిపోతుంది, మూడూళ్ళ పత్తి పురుగుల పాలవుతుంది. రైతులంతా గట్టు మీద చేరి కూర్చున్నారు. పరీక్ష గనక మందు బదులు నీళ్ళు నింపాం. మామ పక్క సీట్లో కూర్చోవలసిన అధికారి, తన బరువు డెబ్బై కిలోలని కాగితం మీద రాసిచ్చాడు. నేనాయన్ని కింది నుంచి పై దాకా చూశాను. ఏటా పత్తి బోరేలు తూచే నా కళ్ళు ఆ అంకెకు ఒప్పుకోలేదు.

"సార్, ఓసారి కాటా ఎక్కండి" అన్నాను.

మెకానిక్ భాయ్ నా నడుం గిల్లి, "ఏందిరా, మామ కడుపు కొడతావా" అని గొణిగాడు. మామ ముఖం పాలిపోయింది. అయినా తడబడకుండా, "వాడన్నది నిజమే సార్. తూచందే ఎక్కించను" అన్నాడు.

అధికారి వెళ్ళి కాటా పళ్ళెంలో గొంతుక్కూర్చున్నాడు. గొలుసులు కిర్రుమన్నాయి. తొంభై నాలుగు.

"బూట్లు తీస్తే?" అన్నాడు ఆశగా.

"పైకి బూట్లతోనే గదా సార్ పోయేది."

ఇరవై నాలుగు కిలోలు ఎక్కువ. నేను లెక్క చెప్పేలోపే మామ రెండు బిందెల నీళ్ళు తోడించేశాడు. విమానం తుమ్మచెట్ల మీదుగా దర్జాగా లేచింది. గట్టు మీద కండువాలూ లేచాయి.

దిగాక అధికారి ముందు తన డెబ్బై కొట్టేసి, తొంభై నాలుగు వేసి, ఆ తర్వాతే మామ కాగితం మీద సంతకం చేశాడు. "ఇన్నేళ్ళుగా డెబ్బయ్యే రాస్తున్నాను, ఒక్కరూ అడగలేదు. ఈయనా నాకు భయపడి ఆ తప్పు బరువు ఒప్పుకుని ఉంటే నేనెట్లా పాస్ చేసేది?" అన్నాడు. తన తప్పు తాను ముందు దిద్దుకున్న పరీక్షాధికారిని ఇంకొకర్ని నేను చూడలేదు.

మొన్న నరసరావుపేట ఆసుపత్రిలో నర్సమ్మ నా బరువెంతని అడిగింది. డెబ్బై అన్నాను. ఆ పిల్ల మూలనున్న మిషను వైపు వేలు చూపించింది. చెప్పులు విప్పబోయి, నవ్వొచ్చి, వాటితోనే ఎక్కాను.