ప్రసాద్ గారు చెప్తేనే మారుస్తాం

దయ్యాల కబుర్లు మొదలైతే అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోయే మనిషిని నేను. మాది బాప్టిస్టు కుటుంబం. చనిపోయినవాళ్లు దేవుడి దగ్గర ఉంటారు, మన పనుల్లో వేలు పెట్టరు అని విని పెరిగాను. ఇప్పటికీ అదే నమ్ముతాను. అందుకే ఈ సంగతి తలుచుకుంటే నాకు భయం వేయదు, ఒళ్లు మండుతుంది.

చీపురుపల్లి దగ్గర ఒక చిన్న ఆసుపత్రికి కంప్యూటర్ల పని నేనూ మా బావ ప్రసాదూ చూసేవాళ్లం. బావ అంటే మా అప్ప భర్త. మా వైపు అక్కని అప్ప అంటాం. సర్వర్ పెట్టింది బావే. హోస్టింగ్ కంపెనీతో వ్యవహారమంతా అతని పేరు మీదే ఉండేది. నా పేరు కూడా చేర్చు బావా అంటే, "నానెక్కడికి పోతాన్రా" అనేవాడు. ఒక రోజు శ్రీకాకుళం నుంచి బండి మీద వస్తుంటే లారీ గుద్దింది.

అతను పోయిన కొన్నాళ్లకి ఆసుపత్రివాళ్లు ఇంటర్నెట్ లైను మార్చారు. దాంతో మా సర్వర్ చిరునామా మారిపోయింది. ఆసుపత్రి పేరు కొడితే ఏ కంప్యూటరుకి చేరాలో చెప్పే వివరాలని డీఎన్ఎస్ జోన్ అంటారు. హోస్టింగ్ కంపెనీ సర్వర్లు వాటి నకలు మా సర్వర్ నుంచి ఎప్పటికప్పుడు తీసుకుంటాయి. అదే జోన్ ట్రాన్స్‌ఫర్. కొత్త నకలు అందకపోతే కొన్నాళ్లు చూసి, ఉన్నదాన్ని కూడా వదిలేస్తాయి. అప్పుడిక ఇంటర్నెట్‌లో ఆసుపత్రి పేరే ఉండదు. విశాఖ ల్యాబు పంపే రక్తపరీక్షల రిపోర్టులు కూడా రావు.

కంపెనీ సర్వర్లు ఇంకా పాత చిరునామాకే వెళ్తున్నాయి. వాళ్లు దాన్ని మార్చి, నేను తయారు చేసిన కొత్త కీ, అంటే నకలు ఇచ్చేముందు మా సర్వర్ అడిగే పొడుగాటి రహస్య సంకేతం, వేసుకుంటే సరిపోతుంది. చిన్న పని. సపోర్టుకి ఫోన్ చేశాను.

"అకౌంటు ప్రసాద్ గారి పేరు మీద ఉంది సర్. ఆయన చెప్తేనే మారుస్తాం" అంది ఒకమ్మాయి.

ఆయన చనిపోయారని చెప్పాను. అయ్యో అంది. ఆ వెంటనే, "అయితే ఆయన మెయిల్ నుంచి ఒక మెయిల్ పెట్టించండి సర్" అంది.

మరణ ధ్రువపత్రం పంపాను. పరిశీలిస్తున్నామన్నారు. మళ్లీ చేస్తే ఇంకొకడు ఎత్తి అంతా మొదటినుంచీ అడిగాడు. ఈలోగా రిపోర్టులు ఆగిపోయాయి. డాక్టరమ్మ నన్ను వార్డులోనే, డెంగీతో ఉన్న ఒక పిల్ల మంచం పక్కన పట్టుకుంది.

"ప్లేట్‌లెట్లు ఎన్నున్నాయో తెలీకుండా ఆ పిల్లని ఇక్కడ ఉంచమంటావా, విశాఖ పంపేయమంటావా?"

నాకు కంపెనీ మీద కంటే బావ మీద ఎక్కువ కోపం వచ్చింది. సర్వర్ గదిలోకి వెళ్లి పైకే తిట్టాను. "అన్నీ నీ పేరున పెట్టుకుని పోయినావు. నువ్వే వచ్చి సేసుకో."

మర్నాడు మధ్యాహ్నం రిపోర్టులు వరసగా రావడం మొదలైంది. రాకపోకలన్నీ నమోదయ్యే సర్వర్ లాగ్ తెరిచి చూశాను. కంపెనీ సర్వర్ కొత్త చిరునామాకే వచ్చి, కొత్త కీతోనే జోన్ మొత్తం తీసుకుంది. ఆ కీ నేనింకా ఎవరికీ పంపలేదు.

ఫోన్ చేస్తే మొదటి అమ్మాయే ఎత్తింది. "పొద్దున ప్రసాద్ గారు చేశారు కదా సర్. ఆయన నంబరు నుంచే. కీ కూడా ఒక్కో అక్షరం చెప్పారు."

చచ్చిపోయిన మనిషని సర్టిఫికెట్టు పంపాను కదా అని అరిచాను. ఆ అమ్మాయి బెదిరిపోయింది.

"నాకేం తెలీదు సర్. ఆయన భాష కొంచెం వేరుగా ఉంది. 'మా బావమరిది కోపిస్టోడు, ఆడ్ని ఊరికే తిప్పకండమ్మా' అన్నారు."

అతను నాకు బావ అవుతాడని వాళ్లకి నేనెప్పుడూ చెప్పలేదు. రికార్డింగు అడిగితే ఇవ్వడం కుదరదన్నారు.

శ్రీకాకుళం వెళ్లాను. బావ ఫోన్ అప్ప బీరువాలోనే ఉంది. ప్రమాదంలో తెర నుజ్జయి, ఒక పక్కకి వంగిపోయింది. సిమ్ము దాంట్లోనే ఉంది. దీన్ని ఎవరైనా ముట్టుకున్నారా అని అడిగాను. ఎందుకని నిలదీస్తే జరిగింది చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"కంపినీ పిల్లకి ఫోన్ సేసినాడా? ఒక్కో అచ్చరం సెప్పినాడా?"

ఏమో అప్పా, నాకు తెలీదన్నాను.

"మరి నాకెందుకు సెయ్లేదురా? నానేటి అవుతానురా ఆ మనిసికి?"

ఫోన్ నా చేతిలోంచి లాక్కుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ అమ్మాయి అబద్ధమాడిందనుకుందామంటే, కీ ఎలా తెలిసిందో చెప్పలేను. ఎవడో దొంగ అనుకుందామంటే, బావమరిది సంగతి వాడికెలా తెలుసో చెప్పలేను.

ఆ ఫోన్ ఇప్పుడు బీరువాలో లేదు. అప్ప దాన్ని ఛార్జర్‌కి గుచ్చి తలగడ పక్కనే పెట్టుకుంటోంది. అది వెలగదని ఆమెకీ తెలుసు.