మెడ దగ్గర ఆగిన స్వెట్టర్

హైదరాబాదులో ఊలు అల్లుతానంటే నవ్వని వాళ్ళు లేరు. మా అత్తమ్మ అయితే "ఈ ఎండలకు స్వెట్టర్ ఎవలికే, ఫ్యానుకు తొడుగుతవా?" అంది. నవ్వుకోనివ్వండి. మా ఆఫీసులో ఏసీ కింద రోజుకు తొమ్మిది గంటలు కూర్చుంటే తెలుస్తుంది చలి అంటే ఏమిటో. మే నెలలో కూడా చేతులకు చున్నీ చుట్టుకుని టైపు చేసేదాన్ని. ఏసీ తగ్గించమని ఎన్నిసార్లు అడిగినా "బిల్డింగ్ మొత్తానికి ఒకటే మేడమ్" అనేవాళ్ళు. చివరికి ఒళ్ళు మండి, నాకు కావలసింది నేనే అల్లుకుంటానని మదీనాగూడలో మా సందు చివరి దుకాణానికి వెళ్ళి మెరూన్ రంగు ఊలు ఉండలు, రెండు ప్లాస్టిక్ సూదులు తెచ్చుకున్నాను.

ఇంట్లో తీరిక ఎక్కడిది? మధ్యాహ్నం భోజనం గబగబా ముగించి, మా అంతస్తులోనే ఉన్న ఆడవాళ్ళ విశ్రాంతి గదిలో సోఫా మీద కూర్చుని, ఫోన్లో వీడియో పెట్టుకుని అల్లేదాన్ని. మొదట మఫ్లర్. ఇరవై కుట్లతో మొదలుపెట్టాను. జానెడు అల్లేసరికి ముప్ఫై ఏడు అయ్యాయి. విప్పి మళ్ళీ అల్లాను, మళ్ళీ అంతే. పైకి పోయేకొద్దీ వెడల్పవుతున్న ఆ గుడ్డను చూస్తే నాకు తల ప్రాణం తోకకొచ్చేది. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడమే నా ఉద్యోగం. నా చేతిలోని తప్పు మాత్రం నాకు దొరకలేదు.

దాన్ని పట్టుకున్నది ఆ గది తుడవడానికి వచ్చే అక్క. నలభై దాటిన మనిషి, నీలం యూనిఫాం, నుదుట పెద్ద బొట్టు. వారం రోజులు తుడుపుకర్ర పట్టుకుని నా వైపు చూస్తూ చూస్తూ పోయింది. ఎనిమిదో రోజు ఇక ఉండబట్టలేక నోరు తెరిచింది.

"మేడమ్, ఏమనుకోవద్దు. మీరు ఊలును సూది మీదికెల్లి తెస్తున్నరు. రెండు సూదుల నడుమకెల్లి తేవాలె. గందుకే మీ కుట్లు పిల్లల్ని వెడ్తున్నయ్."

తలుపు వైపు ఒకసారి చూసి, చేతులు యూనిఫాంకు తుడుచుకుని, నా సూదులు అందుకుంది. నిలబడే ఒక వరుస అల్లింది. సూదులను అసలు చూడనే లేదు. ఆమెకు కుట్లు రెండే, సీదా, ఉల్టా. ముందు నుంచి పొడిస్తే ఒకటి, వెనక నుంచి పొడిస్తే ఇంకొకటి. ప్రపంచంలో ఉన్న స్వెట్టర్లన్నీ ఆ రెండింటితోనే అయ్యాయని చెప్పింది. ఆమె భర్త మణికొండలో ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్‌గా ఉన్న రోజుల్లో, మూడో అంతస్తులో ఉండే ఉత్తరాది ముసలమ్మ నేర్పిందట. సూదులు కొనలేక రెండు సైకిల్ పుల్లలు తీసుకుని, మెట్ల రాయి మీద కొసలు అరగదీసి, వాటితోనే మొదటి టోపీ అల్లిందట.

అప్పటి నుంచి నా మధ్యాహ్నాలు మారిపోయాయి. మఫ్లర్ అయింది, టోపీ అయింది, స్వెట్టర్ మొదలుపెట్టాం. ఆమె టేపు వాడేది కాదు. జానతో, బెత్తెతో కొలిచేది. నన్ను వెనక్కి తిప్పి, భుజం నుంచి భుజం దాకా తన జానలు వేసి, లెక్క గొణుక్కునేది. బట్టలు ఫోన్లో కొనడం మొదలుపెట్టాక నన్నెవరూ అలా కొలవలేదు. ఆ చేయి వీపు మీద ఉన్నంతసేపూ నాకు కదలాలనిపించేది కాదు. బయట వరండాలో నేను మేడమ్‌ను. ఆ గదిలో మాత్రం చెల్లెను. ఎప్పుడు మొదలైందో గాని, ఆ పిలుపు కోసం పొద్దుటి నుంచీ ఎదురుచూసేదాన్ని.

నా కోపం కూడా ఆమెకు తెలిసిపోయేది. మీటింగులో ఎవరితోనైనా గొడవ పడి వచ్చిన రోజు నా కుట్లు బిగుసుకుపోయి, సూది దూరేది కాదు. "ఇయ్యాల ఎవల మీది కోపమో గాని అంత దీంట్ల కనవడ్తున్నది. చెయ్యి జర వదులు చెయ్యి" అనేది. ఒకసారి ఒక కుట్టు జారి ఆరు వరుసల కిందికి దిగింది. నేను మొత్తం విప్పబోయాను. ఆమె నా చేయి పట్టుకుని ఆపి, తలలోంచి పిన్ను తీసి, జారిన కుట్టును ఒక్కో వరుసే ఎక్కించుకుంటూ పైకి తెచ్చి సూదికి తగిలించింది. "ఒక్కటి జారితే అంత ఎందుకు విప్పుతవే?" అని ఎగతాళి చేసింది.

ఇదంతా నిలబడే. పనివాళ్ళు ఆ సోఫాల మీద కూర్చోకూడదు. అలా అని ఎక్కడా బోర్డు లేదు, కాని అందరికీ తెలుసు. నేను సోఫాలో, ఆమె నా పక్కన వంగి. ఆమె నడుం పట్టుకుని నిటారుగా లేవడం చూసి నాకే సిగ్గేసింది.

"కూసో అక్కా. ఎవలన్న అంటే నేను చెప్త" అన్నాను.

వద్దంది. మూడు రోజులు వద్దంది. నాలుగో రోజు నేనే చేయి పట్టి లాగి కూర్చోబెట్టాను. అంచు మీద కూర్చునేది, తుడుపుకర్ర మోకాలికి ఆనించుకుని. అట్లా రెండు నెలలు గడిచాయి.

స్వెట్టర్ మెడ దాకా వచ్చింది. ముందు, వెనక, చేతులు అన్నీ కలిపేశాం. మెడ చుట్టూ కొత్తగా కుట్లు ఎత్తాలి. తక్కువైతే తల దూరదు, ఎక్కువైతే వదులుగా వేలాడుతుంది. అది చూపిస్తానని ఆ రోజు స్వెట్టర్‌ను తన ఒళ్ళో పెట్టుకుని కుట్లు లెక్కపెడుతోంది. అప్పుడే తలుపు తోసుకుని వాళ్ళ సూపర్‌వైజర్ వచ్చింది.

"ఇక్కడ కూర్చుని అల్లికలా? డ్యూటీలో ఉన్నావా, ఇంట్లో ఉన్నావా? ఎవరు కూర్చోమన్నారు నిన్ను?"

జవాబు నేను చెప్పాలి. ఆ స్వెట్టర్ నాది, కూర్చోబెట్టింది నేను, చెప్తానని మాట ఇచ్చింది నేను. ఆ వారమే మా మేనేజర్ నేను గంటలకొద్దీ సీట్లో ఉండడం లేదని ఒక మాట అని ఉన్నాడు. అదొక సాకు. ఫోన్ తీసి, ఏదో మెసేజ్ వచ్చినట్టు చూస్తూ కూర్చున్నాను. అక్క స్వెట్టర్‌ను మడిచి, సోఫా మీద నా పక్కన పెట్టి, తుడుపుకర్ర తీసుకుని సూపర్‌వైజర్ వెనక వెళ్ళిపోయింది.

సోమవారం ఆ గదికి వేరే ఆమె వచ్చింది. "ఆమెను వేరే బిల్డింగుకు ఏసిన్రు" అంది. ఎక్కడికో ఆమెకు తెలియదు. పనివాళ్ళను పంపే ఏజెన్సీకి ఫోన్ చేస్తే, మా వాళ్ళ వివరాలు చెప్పం అన్నారు. అక్క నంబరు నా దగ్గర లేదు. రోజూ కనిపించే మనిషికి నంబరెందుకని ఏనాడూ అడగలేదు. ఇంతకంటే తెలివితక్కువతనం ఉంటుందా?

రెండేళ్ళు అల్లుతూనే ఉన్నాను. తాడులా మెలిపడే డిజైన్లు నేర్చుకున్నాను. రెండు రంగుల ఊలు కలిపి పువ్వులు వేయడం, మేజోడుకు మడమ తిప్పడం అన్నీ వచ్చాయి. అన్నీ వీడియోల్లోనే. కొత్తది ఒకటి వచ్చినప్పుడల్లా ఆమెకు చూపించాలని ప్రాణం కొట్టుకునేది. వీడియోలో మనిషి నా చేతిని చూడదు కదా, చెయ్యి వదులు చెయ్యి అనదు. ఆ మెరూన్ స్వెట్టర్ మాత్రం మెడ లేకుండానే బీరువాలో ఉంది. దాన్ని ఆమె ఎదుటే పూర్తి చేయాలని మొండిపట్టు పట్టాను. చివరికి ఒక ఆదివారం ఆ మొండితనం మీద నాకే విసుగొచ్చి, మెడ కూడా వీడియోలో చూసి అల్లేశాను. మొదటిసారికే సరిగ్గా కుదిరింది. కుదిరినందుకు ఏడుపొచ్చింది.

ఈ మధ్య మా అంతస్తుకు కొత్తగా వచ్చిన పనామె, మాటల్లో, అక్క వాళ్ళ ఊరిదే అని తేలింది. నానక్‌రాంగూడ దగ్గర ఒక పెద్ద బిల్డింగులో అక్కకు పని, మూడింటికి డ్యూటీ దిగుతుందని చెప్పింది. శుక్రవారం సగం రోజు సెలవు పెట్టి, స్వెట్టర్ బ్యాగులో వేసుకుని వెళ్ళాను. గేటు బయట ఎండలో నిలబడ్డాను. మూడున్నరకు నలుగురు ఆడవాళ్ళతో కలిసి వచ్చింది. నన్ను చూసి ఆగింది.

"బాగున్నరా మేడమ్?" అంది.

దారి పొడుగునా అనుకున్న మాటలన్నీ పోయాయి. "అక్కా, ఆ దినం నేను చెప్పాల్సి ఉండె. నేనే కూసోబెట్టిన అని చెప్పాల్సి ఉండె" అన్నాను.

"గదంత ఇప్పుడెందుకు మేడమ్" అంది. మళ్ళీ తనే, "నేను నీ దిక్కు చూసిన. అంటవనుకున్న" అంది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనగలిగేదాన్ని. "తప్పయింది అక్కా" అన్నాను. సరే అన్నట్టు తలూపింది.

స్వెట్టర్ తీసి ఇచ్చాను. దాన్ని తిప్పి, లోపలి వైపు చూసింది. వేళ్ళతో మెడ చుట్టూ కుట్లు లెక్కపెట్టింది, సాగదీసి వదిలింది. ఎక్కడైనా తప్పు దొరకాలని నేను మొక్కుకుంటున్నాను.

"మంచిగొచ్చింది. ఒక్క కుట్టు కూడ తప్పలె. ఎవలు నేర్పిన్రు?"

"ఫోన్ల చూసిన. ఇది నీకే అక్కా, ఉంచుకో."

"నేనేడ ఏసుకుంట? మాకు యూనిఫాం మీద ఏది ఏసుకోనియ్యరు" అంటూ జాగ్రత్తగా మడిచి నా చేతిలో పెట్టింది. ఇంతలో షేర్ ఆటో వచ్చింది. తోటివాళ్ళు ఎక్కి, రమ్మని పిలుస్తున్నారు.

"నీ నంబరియ్యి అక్కా" అన్నాను.

ఆటోలో ఒక కాలు పెట్టి నా వైపు తిరిగింది. నిజంగానే అర్థం కానట్టు అడిగింది.

"ఇగ నాతోని ఏం పని మేడమ్? నీకు అన్ని వచ్చినయ్ గద."

ఇంకా నాకు రానిది ఏదైనా ఒకటి చెప్పాలని వెతుక్కున్నాను. ఒక్కటీ గుర్తుకు రాలేదు. ఆటో వెళ్ళిపోయింది.