శేషగిరిగారి ఫియట్‌లో కుదరని సీటు

శేషగిరిగారికి కనబడినదాన్నల్లా కొలిచే జబ్బు ఉంది. ఫ్యాక్టరీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా ముప్పై నాలుగేళ్ళు చేసి ఆయన రిటైరయ్యారు గానీ, జేబులోని టేపు కాలేదు. దోసె పళ్ళెంలో పడగానే అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలుస్తారు. చుట్టాలొస్తే కుశలప్రశ్నలు ముగిసేలోగా గోడకు నిలబెడతారు. పెళ్ళిచూపుల్లో తన పేరు కంటే ముందు తన ఎత్తు అడిగారని భార్య లీలావతి ఇప్పటికీ దెప్పుతుంది.

అలాంటి మనిషి ఘాజియాబాద్‌లో తన ఇంటి ముందు షెడ్డులోకి ఓ పాత ఫియట్‌ను తెచ్చుకున్నారు. ఫియట్ అనడం మర్యాద కొద్దీ. ఇంజను లేదు, అడుగు రేకు లేదు, మిగిలినదంతా తుప్పు. ఏడాదిపాటు తుప్పు గీకారు, చిల్లులకు రేకులు అతికించారు, లప్పం రాసి గరుకు కాగితంతో రుద్దారు. ఇల్లంతా ఎర్రటి పొడే.

"ఏమండీ, ఇడ్లీ మీద పడింది కారప్పొడా, కారు పొడా?" అని లీలావతి అడిగేది.

"తిని చూడు, తెలుస్తుంది."

అంతా ఓ కొలిక్కి వచ్చాక ముందు సీటును స్టూలంత ఎత్తున బిగించారు. పాత కార్లంటే ప్రాణం పెట్టే మిత్రుడు రాజగోపాల్ అది చూసి గుండె పట్టుకున్నాడు.

"కూచుంటే తల టాపుకి కొట్టుకుంటోందయ్యా! ఒరిజినల్ బండిని పాడు చేశావు."

"ఉండవోయ్, కొలత కుదరాలి."

"ఎవరికి? తలకాయ లేనివాడికా?"

కొలత కోసం ఆయన ఎంచుకున్నది పక్కింటి హనుమాయమ్మగారిని. పొట్టి మనిషి, డెబ్భై నాలుగేళ్ళ రిటైర్డు లెక్కల టీచరు. కిందటి చలికాలం క్యాబ్ ఎక్కబోతూ గేటు దగ్గరే పడ్డారు. దెబ్బ మానింది గానీ భయం మానలేదు. వీధి చివరిదాకా నడుస్తారు. కారు అనగానే వెనక్కి తిరుగుతారు. గ్రేటర్ నోయిడాలో మూడో అంతస్తు మెట్లు దిగలేని స్నేహితురాలు సీతారత్నం రోజూ ఫోను చేసి, "ఒక్కసారి వచ్చి పక్కన కూచోవే" అంటుంది. "కనిపిస్తున్నానుగా ఫోనులో!" అని ఈవిడ కసురుతారు. ఆ తర్వాత వీధి చివరిదాకా నడిచి వెనక్కి వస్తారు.

"పిన్నిగారూ, సరిగ్గా మీ అంత ఎత్తు మనిషి కావాలి. కదలని బండే, ఇంజను కూడా లేదు," అన్నారు శేషగిరిగారు.

"ఏదీ, చూపించు."

బోనెట్ ఎత్తించి, ఖాళీని కళ్ళారా చూసి, అప్పుడు ఎక్కారావిడ.

"దిగండి పిన్నిగారూ. మళ్ళీ ఎక్కండి. అరంగుళం తేడా వస్తోంది."

రోజుకు పదిసార్లు ఇదే పాట. వారం తిరిగేసరికి సీటు అరంగుళం కిందికి దిగేది. కొలతలు మళ్ళీ మొదలు.

"నా క్లాసులో వెనకబెంచీ వాళ్ళు కూడా నీకంటే నయమయ్యా!" అని ఆవిడ తిడుతూ ఎక్కేవారు, తిడుతూ దిగేవారు. మొదట్లో రెండు చేతులతో తలుపు పట్టుకునేవారు. తర్వాత ఒక చెయ్యే. తిట్టడానికి రెండోది కావాలి కదా.

నాలుగు నెలలు గడిచాక ఓ ఉదయం లీలావతి పాలకని గేటు తీసింది. ఎదురుగా ఆగిన ట్యాక్సీలోకి భర్త నడుం దాకా దూరి ఉన్నారు.

"అంకుల్‌జీ, క్యా నాప్ రహే హో? గాడీ బేచ్‌నీ నహీ హై!" ఏం కొలుస్తున్నారు, బండి అమ్మకానికి లేదని డ్రైవరు మొత్తుకుంటున్నాడు.

"ఏక్ మినిట్ భయ్యా, సీట్ కీ హైట్!"

ఆయన షెడ్డులోకి పరుగున వచ్చి ఫియట్ సీటు కొలిచారు. రెండూ ఒకటే ఎత్తు. ఆ ముఖంలో వెలుగు చూశాక గానీ నాలుగు నెలల తతంగం లీలావతికి అర్థం కాలేదు.

"ఏమండీ, పిన్నిగారికి క్యాబ్ భయం కొంచెం కొంచెంగా పోవాలనా, సీటు దించుతూ వచ్చారు?"

"ష్! అభిమానం గల మనిషి. తెలిస్తే మళ్ళీ ఎక్కరు."

ఆ ఆదివారం హనుమాయమ్మగారి గుమ్మంలో క్యాబ్ ఆగింది. పిలిపించింది ఆవిడే. తలుపు దగ్గర ఒక్క క్షణం నిలబడ్డారు. శేషగిరిగారు ముందుకు రాబోయి ఆగిపోయారు. ఆవిడ చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టి, కూచుని, కాళ్ళు లోపలికి పెట్టుకుని, తలుపు తనే వేసుకున్నారు.

తర్వాత అద్దం దించారు.

"ఏమయ్యా శేషగిరీ, ముప్పయ్యేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని. వారానికి అరంగుళం ఎటు పోతోందో నాకు తెలియదనుకున్నావా?"

ఆయన టేపును జేబులో దాచుకున్నారు.

"సీతారత్నానికి మెట్లంటే భయం. ఎక్కడికీ పోని మెట్లేమైనా ఉంటే చూసి పెట్టు."