పలకరింపులకు చోటు

కొత్త సిమెంటు మీద నీళ్లు చల్లిన వాసన తగిలితే చాలు, నాకు సుభద్రగారు గుర్తొస్తారు. అమలాపురం మునిసిపాలిటీలో నేను కొత్తగా చేరినప్పుడు ఆవిడే మా పెద్ద ఇంజనీరు. జీపు ఉన్నా ఎక్కేవారు కాదు. గొడుగేసుకుని, కనబడిన ప్రతివాళ్లనీ పలకరిస్తూ నడిచేవారు. ఆవిడతో పని దగ్గరికి బయల్దేరితే ఎప్పటికి చేరతామో దేవుడికే తెలియాలి.

బజారు వీధిని తిరిగి కట్టే పని మాకొచ్చింది. మా అమ్మాయి బడి ఆ వీధి చివరే. సైకిలు కొనిపెట్టి కూడా, ఆ రద్దీలో పంపడానికి గుండె చాలక రోజూ నా స్కూటరు మీదే దింపేదాన్ని. అది మూతి ముడుచుకుని కూర్చునేది. ఎక్కడపడితే అక్కడ బళ్లు ఆపడం వల్లే ఆ రద్దీ అనుకుని, నా ప్లానులో వీధంతా ‘ఇక్కడ ఆగరాదు’ బోర్డులు పెట్టేశాను.

సుభద్రగారు ప్లాను చూసి నవ్వి, నన్ను తీసుకెళ్లి మందుల షాపు ముందు బల్ల మీద కూర్చోబెట్టారు. ఎదురెదురుగా వస్తున్న రెండు మోటారుసైకిళ్లు నడిరోడ్డు మీద ఆగాయి. మస్కట్ నుంచి తమ్ముడొచ్చాడా, కొబ్బరి దింపు అయిందా అంటూ కుశలప్రశ్నలు మొదలయ్యాయి. వెనకాల రావులపాలెం బస్సు ఆగింది. డ్రైవరు హారన్ కొడతాడనుకున్నాను. అబ్బే, ఆయన కూడా కిటికీలోంచి తల బయటపెట్టి మాటల్లో కలిశాడు. బడిపిల్లలు వాళ్లను తప్పించుకుంటూ మురుగుకాలవ అంచున నడుస్తున్నారు.

"పలకరించుకోకుండా ఎళ్లమంటే మనోళ్లు ఎళ్తారేంటండీ? పక్కన ఆగడానికి చోటివ్వాలి గానీ," అన్నారావిడ.

కాలవ మీద పలకలు పరిచి కాలిబాట చేశాం. దాని పక్కనే సైకిళ్లకు దారి. ఆ దారికీ రోడ్డుకీ మధ్య, బళ్లు ఆపి కబుర్లు చెప్పుకోవడానికి అక్కడక్కడా జాగాలు వదిలాం. మెట్లు వెనక్కి జరుపుకోవడానికి షాపులవాళ్లను ఆవిడే ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని, ఇచ్చిన కాఫీలన్నీ తాగి ఒప్పించారు.

వీధి తెరిచిన ఉదయం, పిల్లని సైకిలు మీద పంపమన్నారు సుభద్రగారు. నేను స్కూటరు తాళం చేతిలోకి తీసుకున్నాను.

"మనం కట్టిన రోడ్డు మీద మన పిల్లనే పంపకపోతే, ఊళ్లోవాళ్లు ఎవర్ని నమ్మి పంపుతారండీ?"

అమ్మాయి బయల్దేరింది. సరిగ్గా అప్పుడే రెండు బళ్లు ఎదురుపడ్డాయి. నేను రెండడుగులు ముందుకేశాను. వాళ్లు ముందూ వెనకా చూసుకుని, బళ్లు పక్క జాగాలోకి తీసి కబుర్లు మొదలెట్టారు. పిల్ల గంట కొట్టుకుంటూ వాళ్లను దాటి దర్జాగా వెళ్లిపోయింది, నావైపు తిరిగి కూడా చూడలేదు. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఆ సంతోషం చెప్పుకుందామని చూస్తే, సుభద్రగారు అప్పటికే ఆ ఇద్దరితో కబుర్లలో పడ్డారు.

ఇప్పుడు ఏ ఊరికి బదిలీ అయినా, గీత గీసేముందు ఒక పూట ఆ వీధిలో కూర్చుంటాను. సంతకం పెట్టేముందు, మా అమ్మాయిని ఈ దారిన పంపగలనా అని నన్ను నేను అడుగుతాను. పంపలేననిపించిందా, ప్లాను చుట్టి చంకన పెట్టుకుని మళ్లీ వెళ్లి ఆ వీధిలోనే కూర్చుంటాను.